మతిమరుపు పరిశోధనలో మన పెద్దలకు చోటెక్కడ?

వృద్ధాప్యంలో మతి తప్పడం మన ఇళ్లకు కొత్త విషయం కాదు. తెలుగు మాట్లాడే ఇంట దానిని చాదస్తమంటారు, పెద్దతనమంటారు. దక్కనీ మాట్లాడే ఇంట ‘సఠియా గయే’ అంటారు; అరవై నిండినవని దాని తాత్పర్యం. ఈ రెండు పలుకుబళ్లలోనూ కొంత పరిహాసమున్నది, కొంత వాత్సల్యమున్నది. కాని వ్యాధి అన్న ధ్వని మాత్రం లేదు. వ్యాధి కానప్పుడు వైద్యుని వద్దకు పోవలసిన పని లేదు. వైద్యుని వద్దకు పోనివారు వైద్యశాస్త్రపు లెక్కలోకి రారు. మేము ఈ వ్యాసంలో చెప్పదలచినది ఈ లెక్కలోకి రాని వారిని గురించి.

డిమెన్షియా అనగా ఒకే వ్యాధి కాదు. పలు వ్యాధుల వలన కలిగే లక్షణ సముదాయం. జ్ఞాపకశక్తి, మాట, దారి తెలుసుకొనడం, పైకం లెక్కపెట్టుకొనడం, వంట చేసుకొనడం, ఇవన్నీ క్రమంగా సడలి మనిషి రోజువారీ జీవితానికి ఇతరుల మీద ఆధారపడే స్థితి అది. దానికి గల కారణాలలో ప్రధానమైనది, 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ మొదటిసారి సభాముఖంగా వివరించిన వ్యాధి. మెదడులోని రక్తనాళాలు దెబ్బతినుట వలన కలిగేది మరొకటి. ఇంకా కొన్ని కలవు.

మన దేశంలో ఈ లక్షణాలు ఎందరికున్నవి? ‘లాసీ-డాడ్’ అనే జాతీయ అధ్యయనంలో అరవై ఏళ్లు పైబడిన 4,096 మందిని పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రకటించారు. ఆ వయసువారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని వారి అంచనా. పురుషులలో నూటికి 5.8 కాగా స్త్రీలలో 9, పట్టణాలలో 5.3 కాగా పల్లెలలో 8.4. వ్యాధి ఎవరిని ఎక్కువగా పట్టి పీడిస్తున్నదో చూడండి: పల్లెవారిని, స్త్రీలను, చదువు లేనివారిని. పెద్ద ఆసుపత్రి వరండాలో ఎవరు తక్కువగా కనిపిస్తారో కూడా ఆలోచించండి. వీరే.

ఈ వైపరీత్యం మన ఒక్కరిదే కాదు. 1998లో కొందరు పరిశోధకులు ఒక బృందంగా ఏర్పడి దానికి ‘పది బై అరవై ఆరు’ అని పేరు పెట్టుకొన్నారు. ప్రపంచంలోని డిమెన్షియా రోగులలో మూడింట రెండు వంతులు, అనగా నూటికి 66 మంది, వర్ధమాన దేశాలలోనే ఉన్నారనీ, జనసామాన్యంలో జరిగిన పరిశోధనలో నూటికి పది వంతులైనా వారిని గురించి జరగలేదనీ ఆ పేరుకు అర్థం. ఒక సంస్థకు ఇంత నిష్ఠురమైన పేరు మేము మరెక్కడా చూడలేదు.

ఎవరిని పరీక్షించినా మెదడు మెదడే గదా, ఈ తారతమ్యాలెందుకని విద్యార్థులు అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానం మన నగరంలోనే లభించినది.

పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో, మనం నిమ్స్ అని పిలుచుకొనే ఆసుపత్రిలో, డాక్టర్ సువర్ణ అల్లాడి ఆధ్వర్యంలో జ్ఞాపకశక్తి క్లినిక్ నడిచేది. అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను ఆమె, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, భాషాశాస్త్రజ్ఞురాలు దుగ్గిరాల వసంత తదితరులు కలిసి పరిశీలించి 2013లో ప్రచురించారు. ఆ 648 మందిలో 391 మంది రెండుగాని అంతకు మించిగాని భాషలు మాట్లాడేవారు. తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు, మన బజారులో రోజూ వినపడే భాషలే. ఒకే భాష తెలిసినవారిలో వ్యాధి సగటున 61.1 ఏళ్లకు మొదలు కాగా, రెండు భాషలవారిలో 65.6 ఏళ్లకు మొదలైనది. అనగా నాలుగున్నర సంవత్సరాల ఆలస్యం. అక్షరం ముక్క రానివారిలో సైతం ఈ తేడా కనిపించినది. పైగా వారిలో అది ఆరేళ్లు. రెండు భాషలకు మించి ఎన్ని నేర్చినా అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

ఇటువంటి ఫలితం అంతకు ముందు 2007లో కెనడాలోని టొరంటోలో 184 మంది రోగుల మీద జరిగిన పనిలో కూడా వచ్చినది. కాని అక్కడ ఒక చిక్కున్నది. ఆ దేశంలో రెండు భాషలవారిలో పెక్కుమంది వలస వచ్చినవారు. వ్యాధి ఆలస్యమగుటకు భాష కారణమా, వలస కారణమా? దేశాంతరం పోగలిగినవాడు మొదటినుండి దృఢమైనవాడేమో? చదువు వలన వచ్చిన మేలేమో? ఈ శంకలకు టొరంటోలో జవాబు దొరకడం కష్టం. హైదరాబాదులో రెండు భాషలు మాట్లాడుటకు ఎవరూ ఓడ ఎక్కనక్కరలేదు, బడికి పోనక్కరలేదు. మలక్‌పేటలో పుట్టి మలక్‌పేటలో పెరిగిన కూరలమ్మే ఆమె రెండు భాషలలో బేరమాడుతుంది. అందువలన ఒక ప్రపంచ ప్రశ్నకు మన బస్తీల నిరక్షరాస్యులే సాక్షులైనారు. వారిని లెక్కలోకి తీసుకొనకుండా చదువుకొన్నవారిని మాత్రమే పరీక్షించి ఉంటే ఈ సంగతి తేలి ఉండేది కాదు.

అయితే ఈ అధ్యయనానికి కూడా పరిమితి కలదు. అది ఆసుపత్రికి నడిచి వచ్చినవారి లెక్క. ఎవరినో ఒకరిని వెంట తీసుకొని, ఒక రోజు కూలి మానుకొని, పంజాగుట్ట దాకా రాగలిగినవారి లెక్క. ఇంట్లోనే ఉండిపోయినవారి సంగతి తెలియాలంటే పరిశోధకులే గడప తొక్కవలసి ఉంటుంది. అసలు చిక్కులు అక్కడ మొదలవుతవి.

మొదటిది పరీక్ష భాష. 1975లో అమెరికాలో తయారైన ముప్పై మార్కుల ప్రశ్నపత్రం నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. అందులో కార్డు మీద వ్రాసిన ‘కళ్లు మూసుకోండి’ అన్న వాక్యం చదివి ఆ ప్రకారం చేయవలెను. సొంతంగా ఒక వాక్యం వ్రాయవలెను. చదువురాని వృద్ధురాలికి ఈ మార్కులు మొదటే పోయినవి. వ్యాధి లేకున్నా ఆమె రోగి కింద లెక్క. ఈ అన్యాయాన్ని గుర్తించి హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో పనిచేసిన మేరీ గంగూలీ బృందం 1995లో ఆ పత్రాన్ని హిందీలో తిరగ వ్రాసినది. చదివించుటకు బదులు ‘నేను చేసినట్లు చేయండి’ అని కళ్లు మూసి చూపించుట, వ్రాయించుటకు బదులు నోటితో చెప్పించుట, ఇట్లా మార్చారు. కేంబ్రిడ్జిలో పుట్టిన ఆడెన్‌బ్రూక్ పరీక్షది ఇదే కథ. మూలంలో బొమ్మలు చూపి పేర్లు చెప్పమంటారు. అందులో కంగారూ, పెంగ్విన్, హార్ప్ అనే వాద్యం ఉన్నవి. ఫతుల్లాగూడ ముసలమ్మ హార్ప్ ఎన్నడు చూచినది?

ఆ పరీక్షను ఇప్పుడు తెలుగులోకి, ఉర్దూలోకి, ఇతర భారతీయ భాషలలోకి తగిన మార్పులతో తెచ్చారు. భారతీయ వైద్య పరిశోధన మండలి కూడా తెలుగుతో సహా ఐదు భాషలలో ఒక పరీక్షల సంపుటి తయారు చేయించినది. ఆ ఐదింటిలో ఉర్దూ లేదు. ఉన్నచోట అయినా పుస్తకపు ఉర్దూకూ మన వాకిట పలికే దక్కనీకీ మధ్య చాలా దూరమున్నది. ఇక లంబాడా తండాల నుండి కట్టడపు పనులకు వచ్చి శివారు కాలనీలలో స్థిరపడిన కుటుంబాల పెద్దల సంగతి చెప్పనే అక్కరలేదు. వారి ఇంటి భాషకు లిపి లేదు, పరీక్షా లేదు.

మా ఇంటి అనుభవమొకటి చెప్పక తప్పదు. మా నానీమాకు ఎనభై దాటినవి. నల్లగొండ జిల్లాలో ఉండి, కొడుకుల వెంట నాగోలుకు వచ్చిన మనిషి. ఇంట్లో దక్కనీ, వాకిట తెలుగు. మాటలు మరచిపోతున్నదని ఒక ఆసుపత్రికి తీసుకొని పోయినాము. పరీక్ష చేసిన కుర్రవాడు ఈ ప్రాంతం వాడు కాదు. శుద్ధమైన హిందీలో అడిగినాడు. ఇక్కడికి ఎప్పుడు వచ్చారంటే ఆమె ‘పర్సోం’ అన్నది. మన ఊరి పర్సోం సంగతి హైదరాబాదీలందరికీ తెలిసినదే. అది మొన్న కావచ్చు, పోయిన రంజాను కావచ్చు, మనుమరాలి పెండ్లినాడు కావచ్చు. ఆ అబ్బాయి మాత్రం కాలజ్ఞానం లోపించినదని వ్రాసుకొన్నాడు. ఏ జిల్లాలో ఉన్నారంటే నల్లగొండ అన్నది. మా ఇల్లు ఏ జిల్లా కిందికి వస్తుందో 2016లో జిల్లాలు విడగొట్టిన నాటినుండి మా అధ్యాపకుల గదిలోనే తగవు తీరలేదు! రాష్ట్రం పేరడిగితే కొంతసేపు ఊరకున్నది. ఆమె పుట్టినది హైదరాబాదు రాష్ట్రంలో, కాపురం చేసినది ఆంధ్రప్రదేశ్‌లో, ఇప్పుడు ఉన్నది తెలంగాణలో. ఇల్లు కదలకుండానే రాష్ట్రాలు మూడు మారినవి. ఎనిమిది నెలలు మందులు మింగిన తరువాత మరొక వైద్యురాలు దక్కనీలో మాట్లాడి, మొదట చెవులు పరీక్ష చేయించినది. ఆమెకు సగం మాటలు వినపడటమే లేదు. వినపడని ప్రశ్నకు జవాబు ఎట్లా చెప్పగలదు? ఆ తప్పు మాది కూడా. మేమెవ్వరమూ ఆ సంగతి కనిపెట్టలేదు.

దీనికి విపర్యయంగా మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. తహశీలు కచేరీలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. మాట చక్కదనం, పద్యం చదివే తీరు చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ముప్పై మార్కుల పత్రంలో దాదాపు పూర్తి మార్కులు తెచ్చుకొంటారు. కాని నాగోలు మెట్రో స్టేషను నుండి ఇంటికి దారి తెలియక రెండుమార్లు మూసీ వంతెన దాకా పోయినారు. చదువు వ్యాధిని కప్పిపుచ్చుతుంది. చదువు లేమి లేని వ్యాధిని చూపిస్తుంది. ఒకే కొలబద్దతో ఇద్దరినీ కొలిస్తే ఇరువురి విషయంలోనూ పొరపాటే జరుగుతుంది.

రెండవ చిక్కు నమ్మకం. ఇది భాషకంటె కఠినమైనది. అమెరికాలో ఈ పరిశోధనలలో నల్లజాతివారు జనాభాలో తమ వంతుకంటె చాలా తక్కువగా పాల్గొంటారు. వ్యాధి మాత్రం వారిలో తెల్లవారికంటె ఎక్కువ. దీనికి గల కారణాలలో ఒకటి అలబామా రాష్ట్రంలోని టస్కేగీ. అక్కడ 1932 నుండి 1972 వరకు, సవాయి రోగమున్న సుమారు నాలుగు వందల మంది నల్లజాతి పురుషులకు సంగతి చెప్పక, పెనిసిలిన్ వచ్చిన తరువాత కూడా ఇవ్వక, రోగం ఎట్లా ముదురునో చూస్తూ కూర్చున్నారు. మనకూ ఒక టస్కేగీ నీడ కలదు. 2009లో ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పది నుండి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి గర్భాశయ ముఖ క్యాన్సర్ నివారణ టీకా ఒక ప్రయోగాత్మక కార్యక్రమం కింద వేశారు. వారిలో గిరిజన బాలికలు ఎందరో. కొన్ని మరణాలు సంభవించగా 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయినది. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ తేల్చినది. అయినా మరొక సంగతి బయటపడినది: తల్లిదండ్రుల అనుమతి అడుగవలసిన చోట హాస్టలు వార్డెనులు సంతకాలు చేసిన పత్రాలు పెక్కు ఉన్నవి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని గట్టిగా ఖండించినది. టీకా మంచిదే కావచ్చును. కాని అనుమతి అడుగు విధానం తప్పితే మంచి పనికి కూడా ఊరిలో అడుగు పెట్టే చోటుండదు.

డిమెన్షియా విషయంలో అనుమతి అనేది మరింత సున్నితం. అడుగవలసిన మనిషికే మతి నిలకడ లేదు. వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక సూత్రాల ప్రకారం చదువురానివారి చేత వేలిముద్ర వేయించునపుడు పరిశోధనతో సంబంధం లేని చదువుకొన్న సాక్షి ఒకరు ఉండవలెను. స్వయంగా నిర్ణయించుకొనలేని వారి పక్షాన చట్టసమ్మతమైన ప్రతినిధి అంగీకరించవలెను. అంతమాత్రాన రోగి ఇష్టాయిష్టాలను తోసిపుచ్చరాదు. ఇష్టం లేదంటే ఎప్పుడైనా మానుకొనవచ్చును. దానివలన మామూలు చికిత్సకు లోటు రాకూడదు.

ఈ నియమాలు కాగితం మీద చక్కగా ఉన్నవి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, నాగోలు ప్రాంతాలలో వాకిలి తట్టినప్పుడు ఎదురయ్యే భయం మాత్రం ఏ నియమావళిలోనూ ఉండదు. అది ఆస్తి భయం. నల్లగొండ నుండి, సూర్యాపేట నుండి, ఖమ్మం నుండి వచ్చి ఏనాడో రెండు వందల గజాలు కొనుక్కొన్న తండ్రి పేరు మీద ఇల్లున్నది. ఆయనకు మతి స్థిమితం లేదని ఒక కాగితం పుడితే, రేపు ఆయన వేసిన సంతకం చెల్లదని దాయాదులు కోర్టుకు పోరా? వసియత్‌నామా నిలుస్తుందా? పెండ్లికావలసిన మనుమరాలి సంబంధం చెడదా? ఈ ప్రశ్నలు అడిగేవారిని అజ్ఞానులని కొట్టివేయుట సులభం. కాని అవి న్యాయమైన ప్రశ్నలే. పరిశోధనలో తెలిసిన వివరాలు పేరుతో బయటకు పోవని, ఎవరికీ ఇవ్వరని, పరిశోధక పరీక్షలో వచ్చిన మార్కులు ఏ కచేరీలోనూ ధ్రువపత్రం కాజాలవని మొదటి రోజే, అడుగకముందే, వివరించవలెను. మేము చూచినంతలో ఈ మాట చెప్పేవారు అరుదు.

ఇక చిన్నచిన్న విషయాలు. పరదా పాటించే వృద్ధురాలిని ప్రశ్నించుటకు స్త్రీనే పంపవలెను. రంజాను నెలలో అసర్ వేళ ఉపవాసమున్న మనిషికి జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే వచ్చేది ఆకలి మార్కులే. కోడలిని పక్కకు పిలిచి వేరుగా మాట్లాడవలెను. ఇంట్లో జరిగేది తెలిసినది ఆమెకే. కొడుకు గల్ఫులో ఉంటాడు, ఫోనులో అంతా బాగున్నదంటాడు. కళ్లజోడు, చెవిమిషను ఉన్నదో లేదో ముందు చూడవలెను. సూది, ఎం.ఆర్.ఐ. అన్న మాటలు మొదటి రోజే ఎత్తరాదు; కాని దాచనూ కూడదు. మసీదు కమిటీ పెద్దలకు, కాలనీ సంఘానికి, బస్తీ దవాఖానాలోని వారికి ముందుగా చెప్పి వస్తే సగం తలుపులు తెరుచుకొంటవి. ఒకసారి వచ్చి రక్తం తీసుకొని పోయి మరల ముఖం చూపనివారిని మా వీధిలో ఎవరూ మరువరు. మతిమరుపు ఉన్నవారితో సహా.

ఈ దీర్ఘకాలపు చుట్టరికం ఎట్లా నడుపవలెనో చూపుతున్న ప్రయత్నమొకటి మన పొరుగున ఉన్నది. కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం, మామిడికి ప్రసిద్ధి. ఆంధ్ర సరిహద్దు కావడం చేత అక్కడి పల్లెలలో తెలుగు విరివిగా వినపడుతుంది. బెంగుళూరులోని మెదడు పరిశోధన కేంద్రం ఆ ప్రాంతపు పల్లెలలో నలభై ఐదేళ్లు దాటిన పదివేల మందిని చేర్చుకొని ఏళ్ల తరబడి మరల మరల పరీక్షించే పని పెట్టుకొన్నది. రోగులను కాక ఆరోగ్యవంతులను ముందుగా చేర్చుకొని, ఎవరికి ఎప్పుడు వ్యాధి మొదలగునో చూచుట దాని ఉద్దేశం.

ఇంత శ్రమ ఎందుకనే సందేహం ఇంకా మిగిలి ఉంటే, కొత్త మందుల సంగతి చూడండి. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే మందును 1,795 మంది మీద పరీక్షించారు. అది వ్యాధిని మాన్పదు, కొంత నెమ్మదింపజేస్తుంది. కొందరిలో మెదడు వాపు, రక్తస్రావం కలుగవచ్చును, ఏ.పి.ఓ.ఇ. అనే జన్యువులో నాలుగవ రకం రెండు ప్రతులుగా ఉన్నవారికి ఆ ప్రమాదం హెచ్చు. ఆ జన్యువు ఎందరిలో ఉంటుందన్నది జాతిని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతుంది. రేపు ఇటువంటి మందు మన ఆసుపత్రులలో అందరికీ అందినపుడు, మన పెద్దలకు అది ఎంత మేలు, ఎంత కీడు అన్న లెక్క ఎవరి రక్తంలో చూచి చెప్పగలరు?

పైన చెప్పిన పెద్దాయన గత సంవత్సరం ఇటువంటి ఒక పరిశోధనకు అంగీకరించారు. ప్రశ్నలడుగుటకు వచ్చిన అమ్మాయి కాగితం తీసి, మాతృభాష తెలుగు అని విని తెలుగు కార్డు చేతికిచ్చినది. ఆయన దానిని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూచారు. నిజాం కాలంలో బడిలో ఆయన మొదట దిద్దినవి ఉర్దూ అక్షరాలు. తెలుగు అక్షరాలు తరువాత ఉద్యోగం కోసం కూడబలుక్కొని నేర్చుకొన్నవి. ఇప్పుడు రెండవసారి నేర్చినవి ముందుగా జారిపోతున్నవి. ‘బేటీ, చదివేది ఉర్దూలో ఇయ్యి, జవాబు తెలుగులో చెప్తా’ అన్నారు. ఆ అమ్మాయి సంచీ వెదికి ఉర్దూ కార్డు తీసినది. పత్రంలో పరీక్ష భాష అన్న గడిలో ఒక్క మాటకే చోటున్నది. ఆమె కాసేపు ఆలోచించి, గడి దాటి పక్కకు పోయేటట్లు రెండు పేర్లూ వ్రాసుకొన్నది.